మామూలు తెలుగు ఎవరిది?

బెజవాడ నుంచో హైదరాబాదు నుంచో చుట్టాలు వచ్చినప్పుడు మన పిల్లలు ఉన్నట్టుండి నోరు మెదపకుండా కూర్చోవటం మీరు గమనించే ఉంటారు. అంతవరకు ఇల్లు పీకి పందిరి వేసిన పిల్ల, ‘ఏం చదువుతున్నావమ్మా?’ అని అడిగితే తల్లి కొంగు పట్టుకొంటుంది. వచ్చినవారు చెడ్డవారు కారు. ‘మీ పాప తెలుగు భలే తమాషాగా ఉందే’ అని ఒక్కసారి నవ్వారు, అంతే. ఆ తరువాత తల్లే పిల్లను గద్దిస్తుంది: ‘మామూలుగా మాట్లాడవే!’

ఈ ‘మామూలు’ ఏమిటి? ఎవరి మాట మామూలు, ఎవరి మాట తమాషా? ఈ గీత గీసినవారెవరు? ఉపాధ్యాయులుగా, తల్లిదండ్రులుగా మనం ఈ గీతను రోజుకు పదిసార్లు చూపిస్తాము గాని, దాని చరిత్రను అడగము. చిత్రమేమిటంటే ‘మామూలు’ అన్న మాటే మనది కాదు. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన కచేరీలకు చేరింది. అక్కడ ‘వాడుకగా జరుగుతున్నది’ అని దాని అర్థం. వాడుకగా ఇచ్చుకొనే ముడుపుకు కూడా అదే పేరు వచ్చింది. ఏది చాలాకాలంగా జరుగుతున్నదో అదే న్యాయమనిపించుకొంటుందని ఈ ఒక్క మాటలోనే తెలుస్తున్నది.

మన వ్యాకరణాలలో దీనికి ఎదురు మాట ఒకటి ఉంది: గ్రామ్యము. గ్రామానికి సంబంధించినది అని మాత్రమే దాని అర్థం. కాని అలంకారశాస్త్రంలో గ్రామ్యత ఒక దోషం, వ్యాకరణంలో గ్రామ్యం విడిచిపెట్టవలసిన రూపం. నగరం నుంచి పుట్టిన ‘నాగరికము’ మెప్పుగా మారింది, గ్రామం నుంచి పుట్టిన ‘గ్రామ్యము’ తిట్టుగా మారింది. మనిషి ఉండే చోటును చెప్పే మాట మనిషి విలువను చెప్పే మాట కావటానికి పెద్ద దూరం నడవనక్కరలేదన్నమాట.

చిన్నయసూరిగారి ‘బాలవ్యాకరణము’ 1858లో వెలువడింది. అంతకు ఐదేళ్ళ ముందే, 1853లో, ‘నీతిచంద్రిక’ వచ్చింది. సూరిగారు గొప్ప పండితులు, అందులో సందేహం లేదు. పూర్వకవుల ప్రయోగాలను పరిశీలించి, ఇంత క్లుప్తంగా, ఇంత చక్కగా సూత్రాలు కట్టినవారు మనకు మరొకరు లేరు. చిక్కు ఆయనతో రాలేదు. కవుల పద్యభాషకు కట్టిన సూత్రాలను, ఆ తరువాతివారు పిల్లలు వ్రాసే ప్రతి వాక్యానికీ కొలబద్ద చేశారు. చిక్కు అక్కడ వచ్చింది. (సూరిగారిది శ్రీపెరుంబుదూరు. అంటే నేటి లెక్కలో తమిళనాడు. తెలుగుకు కట్టుబాటు నేర్పిన పండితుడు ‘బయటి’ తెలుగువాడే! ఈ సంగతి చుట్టాలకు చెప్పదగినది.)

ఇప్పుడు ఒక్క క్రియారూపాన్ని తీసుకొని చూడండి. ‘వచ్చినాడు’ అన్నది బాలవ్యాకరణం ఒప్పుకొన్న సాధురూపం. ‘వచ్చాడు’ గ్రామ్యం. పందొమ్మిదవ శతాబ్దపు బడిలో పిల్లవాడు ‘వచ్చాడు’ అని వ్రాస్తే పంతులుగారు కొట్టివేసేవారు. ఇరవయ్యవ శతాబ్దం నడిచేకొద్దీ కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకొన్నవారి మాట పత్రికలలోకి, పుస్తకాలలోకి వచ్చింది, దానితో ‘వచ్చాడు’ మామూలయింది. ‘వచ్చినాడు’ ఏమయింది? రాయలసీమలో, హోసూరు, కృష్ణగిరి పల్లెలలో అది నేటికీ నోళ్ళలో బ్రతికి ఉంది. తెలంగాణలో ‘వచ్చిండు’ అయింది. ఆ పిల్లలు నేడు తరగతిలో అదే మాట అంటే, ‘పల్లెటూరి తెలుగు’ అని నవ్వుతున్నారు. అప్పుడు ‘వచ్చాడు’ అన్నవాడు మొరటు, ఇప్పుడు ‘వచ్చినాడు’ అన్నవాడు మొరటు. మాటలు రెండూ అవే. మారినది వాటిని తూచే చెయ్యి.

ఈ కొలబద్దను మొదట ప్రశ్నించినవారిలో ఒకరు పరాయివాడు కావటం ఆశ్చర్యం కాదు. ఇంట్లో పుట్టి పెరిగినవారికి ఇంటి వంకర కనబడదు. 1907లో ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, పుస్తకాలలో తెలుగు ఒకటి, నోళ్ళలో తెలుగు మరొకటి ఎందుకున్నాయని అడిగాడు. విశాఖపట్టణంలో కళాశాల ప్రధానాధ్యాపకులుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ అప్పారావుగారిని, గిడుగు రామమూర్తి పంతులుగారిని చూపించారు. ఒక ఆంగ్లేయుడు, ఒక తమిళుడు, విజయనగరంలో ఒకడొకడు, పర్లాకిమిడిలో ఒకడొకడు. వ్యావహారిక భాషోద్యమం ఇలా అంచుల నుంచి మొదలయింది.

రామమూర్తి పంతులుగారి విషయంలో నేను కొంచెం ఆగుతాను. మన వంటి వారికి ఆయన కథ మరెవరి కథకన్నా దగ్గరిది.

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో ఆయన పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ చుట్టుపట్ల కొండలలో సవరలుండేవారు. మైదానం వారి దృష్టిలో సవరలకు భాషే లేదు, ఉన్నది కేవలం కూత. ఆ రోజులలో అది ఎవరూ తడుముకోకుండా అనే మాట. పంతులుగారు తడుముకొన్నారు. సవర నేర్చుకొన్నారు. ఏళ్ళ తరబడి నేర్చుకొని, దానికి పూర్తి వ్యాకరణం ఉన్నదని, మన ద్రావిడ భాషలకు గాని సంస్కృతానికి గాని చెందని వేరే కుటుంబపు భాష అని తెలుసుకొన్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించటానికి తన డబ్బు పెట్టి బడులు నడిపారు. చివరకు 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయినాయి.

తెలుగు వాడుకభాష కోసం పోరాడిన మనిషికి ఆ పోరాటానికి ముందే సవర ఒడిలో చదువు దొరికిందని నా అభిప్రాయం. ‘భాష లేనివారు’ అని అందరూ అనేవారి నోటిలో నిండైన వ్యాకరణాన్ని ఒకసారి కనిపెట్టినవాడు, ఆ తరువాత గ్రామ్యం అన్న తీర్పును మునుపటిలాగా నమ్మలేడు. పల్లెటూరి రైతు మాటలోనూ నియమం ఉంటుందని ఆయన నమ్మారు. ఉందని చూపించారు. ‘గద్యచింతామణి’లో పాత గద్యాన్ని పోగుచేసి, వాడుక రూపాలు నిన్న మొన్న పుట్టినవి కావని నిరూపించారు. మరొక పుస్తకంలో, గ్రాంథికం తప్ప వేరు వ్రాయరాదన్న పండితులే గ్రాంథికంలో ఎన్ని తప్పులు చేస్తున్నారో ఏరి చూపించారు. దాని పేరు ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము’. పంతులుగారికి చురుకు తక్కువేమీ కాదు!

1911 నుంచి 1914 వరకు మదరాసులో జరిగిన తగవు మీలో చాలామందికి తెలిసినదే. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వంలో 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. పరీక్షలలో విద్యార్థులు వాడుకభాషలో వ్యాసం వ్రాయవచ్చునా, కూడదా అన్నది ప్రశ్న. గురజాడవారు 1914లో తమ అసమ్మతి పత్రం సమర్పించారు. ఓడిపోయారు. మరుసటి ఏడు, 1915లో, కన్నుమూశారు.

నాటి వాదాలను చదివితే నాకు కనిపించేది ఇది. గ్రాంథికవాదులను దుర్మార్గులనటం సులభం, కాని అది నిజం కాదు. తెలుగు అంతటికీ ఒక్క వ్రాతభాష ఉండాలని, జిల్లాకొక తీరున వ్రాస్తే వెయ్యేళ్ళ కావ్యాలకూ మనకూ నడుమ వంతెన తెగిపోతుందని వారు భయపడ్డారు. ఆ భయం అర్థం లేనిది కాదు. కాని ఆ భయం మాటలలో పడేసరికి దాని రంగు మారేది. వాడుకభాష అంటే చదువురానివారి భాష, చదువురానివారి భాష అంటే సంస్కారం లేనివారి భాష అని మెట్టు మెట్టుగా దిగి, మాట మీది తీర్పు మనిషి మీది తీర్పయింది. పంతులుగారి పక్షం కూడా ఈ మెట్లను పూర్తిగా విడిచిపెట్టలేదు. వారు కోరినది ‘శిష్ట’ వ్యావహారికం, అంటే చదువుకొన్న పెద్దమనుషుల వాడుక. తలుపు సగమే తెరుచుకొన్నది.

ఆ సగం తలుపులో నుంచి పత్రికలు ముందుగా వచ్చాయి. నేటి ఒడిశాలోని బరంపురంలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగారి దగ్గర చదువుకొన్న తాపీ ధర్మారావుగారు సంపాదకులై వాడుకభాషలో సంపాదకీయాలు వ్రాశారు. కథ వచ్చింది, రేడియో వచ్చింది, సినిమా వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, పై తరగతుల పుస్తకాలు కూడా వాడుక తెలుగులో వెలువడ్డాయి. గ్రాంథికం గద్దె దిగింది.

గద్దె మాత్రం ఖాళీగా లేదు. కోస్తా నడిమి జిల్లాల శిష్టుల మాట దానిమీద కూర్చుంది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. పత్రికలు, ప్రచురణలు, సినిమా డబ్బు ఎక్కడివారి చేతిలో ఎక్కువగా ఉన్నాయో వారి మాట మామూలయింది, మిగిలినవారివి ‘యాసలు’ అయినాయి. గుంటూరువారిది యాస అని ఎవరైనా అనగా విన్నారా? తమకు యాస ఉన్నదని అనుకోనక్కరలేకపోవటమే మామూలు మనిషికి దొరికే పెద్ద సౌకర్యం.

తెలంగాణం దీని దెబ్బ ఎక్కువగా తిన్నది. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి అచ్చులో వస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారు కోపంతో వ్యాసం వ్రాసి ఊరుకోలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. అందులో 354 మంది కవులున్నారు. అయినా, ఆ తరువాత ఎన్నో ఏళ్ళు తెలుగు సినిమాలో తెలంగాణ మాట రౌడీకి, హాస్యగానికి తప్ప కథానాయకుడికి దక్కలేదు. కాళోజీ నారాయణరావుగారు బడి నేర్పే భాషకూ జనం పలికే భాషకూ నడుమ ఉన్న అగాధాన్ని జీవితమంతా ఎత్తిచూపారు. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమయింది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29, గిడుగువారి పుట్టినరోజు. రెండు పండుగలకూ నడుమ పదకొండు రోజులు, ఒక పెద్ద చరిత్ర.

తెలంగాణ మాటను తక్కువచేసినవారు చెప్పిన కారణం అందులో ఉర్దూ కలిసిందని. ‘నల్లా’ అంటారు, ‘కొళాయి’ అనరు అని. బాగుంది. ‘కొళాయి’ ఎక్కడిది? తమిళపు ‘కుళాయ్’. ఇక ‘రైతు’, ‘జిల్లా’, ‘వకీలు’ అరబ్బీ నుంచి, ‘కాగితం’ పారశీకం నుంచి, ‘మేస్త్రీ’ పోర్చుగీసు నుంచి వచ్చాయి. గుంటూరులో ఇవన్నీ అచ్చ తెలుగే. పక్కవాడి ఎరువుసొమ్ము కంటికి కనబడుతుంది, మన ఎరువుసొమ్ము మన ఒంటిమీద నగ అయిపోతుంది.

ఇక మన సంగతికి వస్తాను. తెలంగాణ, రాయలసీమలవారికి కనీసం తమ రాష్ట్రంలో తాము ఉన్నామన్న ధైర్యం ఉంది. మనలో చాలామంది పూర్వులు వందల ఏళ్ళ క్రితం విజయనగర, నాయకరాజుల కాలంలో దక్షిణాదికి వెళ్ళినవారు, కొందరు బ్రతుకుతెరువుకు సోలాపురం మగ్గాలకు వెళ్ళినవారు. మరికొందరు ఎక్కడికీ కదలలేదు, గీతే వారి మీదుగా నడిచిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. 1956లో ఆదిలాబాదు జిల్లా రాజురా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మదరాసుకు మారింది. యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, చుట్టూ గోదావరి జిల్లా ఉన్నా నేటికీ పుదుచ్చేరిలో భాగం. అదే ఇల్లు, అదే బావి, అదే మాట. ఒక తెల్లవారుజామున వారు ‘బయటి తెలుగువారు’ అయినారు.

అన్నిటికన్నా కఠినమైన సంగతి మరొకటి ఉంది. ఒరిస్సాలో కలపటాన్ని ఎదిరించిన రామమూర్తి పంతులుగారే, అర్ధశతాబ్దానికి పైగా బ్రతికిన పర్లాకిమిడిని విడిచి, 1936లో రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940లో పోయారు. తెలుగు భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజో ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచిన ఊరు నేడు తెలుగు రాష్ట్రాల పటంలో లేదు. (అదే 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు ఒక సొంత లిపిని తయారుచేశారు. ‘భాష లేనివారు’ లిపి కూడా వ్రాసుకొన్నారు.)

మామూలు నుంచి ఇంత దూరంగా ఉండి మన తెలుగు ఏమి చేసిందని అడిగేవారికి త్యాగరాజస్వామి పేరు చాలు. తిరువయ్యారులో బ్రతికి, బాలవ్యాకరణం రావటానికి పదకొండేళ్ళ ముందే, 1847లో, సిద్ధిపొందారు. ఆయన కీర్తనలలో వ్యాకరణం ఒప్పుకోని వాడుక రూపాలు చాలా ఉన్నాయి. వాటిని ఏ విద్వాంసుడూ సవరించి పాడలేదు.

ఇంకొక పేరు మన బడులలో తక్కువగా వినబడుతుంది: కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో 1923లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టారు. వ్రాసినది తమిళంలో. తెలుగు దేశం నుంచి దక్షిణానికి వలసపోయి అడవి నరికి ఊరు కట్టుకొన్న కుటుంబాల కథ ‘గోపల్ల గ్రామం’. దాని తరువాతి నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన ఆ నల్లరేగడి పల్లెల మాటలోనే వ్రాశారు, గ్రాంథిక తమిళంలో కాదు. పండితులు ఈసడించిన మాటలను పోగుచేసి నిఘంటువే కూర్చారు. 2021లో పుదుచ్చేరిలో మరణించారు. ఇంటిలో ఒక ‘అంచు’ భాష, వీధిలో ఇంకొక భాష యొక్క ‘అంచు’ మాండలికం – రెండు మామూళ్ళకూ బయట నిలబడినవాడికి రెండూ స్పష్టంగా కనబడ్డాయని నేననుకొంటాను.

మనం తీర్పులు తినేవారమే గాని ఇచ్చేవారం కామని మాత్రం అనుకోకండి. కొత్తగా బెంగుళూరు వచ్చిన కుటుంబాల తెలుగును ‘సగం ఇంగ్లీషు’ అని మన పెద్దలు ఎంత సులువుగా కొట్టిపారేస్తారో మీకు తెలుసు. తమిళ మాధ్యమంలో చదివి తెలుగు అక్షరం రాని మేనల్లుడిని పండుగపూట ఆటపట్టించేదీ మనమే. మన ఊళ్ళలోనే పక్కవీధి మాట వినగానే కులం అడగకుండా కులం తెలుసుకొనే చెవి కూడా మనదే. గ్రామ్యం అన్న మాటను పుస్తకాల నుంచి తీసివేసినా చెవులలో నుంచి తీయటం కష్టం.

తరగతిలో దీన్ని ఎలా పట్టించుకోవాలని అడిగితే, నేను పాటించేది చెబుతాను. ప్రామాణిక తెలుగు నేర్పవద్దని నేననను. 2006 తమిళనాడు తమిళ అధ్యయన చట్టం తరువాత తెలుగు గంటకే చోటు వెతుక్కొంటున్న మనం, పిల్లలకు పరీక్షలో పనికివచ్చే తెలుగు నేర్పకపోతే తల్లిదండ్రులు క్షమించరు, క్షమించకూడదు కూడా. కాని ‘వచ్చినాడు’ మీద ఎర్రసిరా గీత గీయటం వేరు, పక్కన ‘వచ్చాడు’ అని వ్రాసి ‘పుస్తకంలో ఇలా ఉంటుంది’ అని చెప్పటం వేరు. మొదటి పద్ధతిలో పిల్లవాడు ఇంటికి వెళ్ళి అవ్వకు తప్పులు దిద్దుతాడు. రెండో పద్ధతిలో వాడికి రెండు మాటలు వచ్చినట్టు.

ఇంకొక పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1962లో ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వ్యవసాయపు మాటలతో వచ్చింది, తరువాత 1971లో చేనేత మాటల సంపుటం వచ్చింది. ఊరూరా తిరిగి, ఒకే వస్తువును ఎక్కడివారు ఏమంటారో, ఇది తప్పు ఇది ఒప్పు అనకుండా వ్రాసుకొన్న పని అది. ఆ సర్వే ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో జరిగింది. మన ఊళ్ళు దాని లోపలికి రాలేదు. హోసూరు పొలంలో ‘మడక’కు ఉన్న భాగాల పేర్లు, సోలాపురం ఇళ్ళలో పడుగు, పేక, నాడె చుట్టూ ఉన్న మాటలు, బరంపురం, పర్లాకిమిడి వంటిళ్ళలోని గిన్నెల పేర్లు ఇంకా పెద్దవారి దగ్గర ఉన్నాయి. వచ్చే సెలవులలో ఒక్కొక్క పిల్లవాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, తాతనో అవ్వనో అడిగి యాభై మాటలు వ్రాసుకురమ్మనండి. మాట పక్కన ఊరి పేరు, చెప్పినవారి వయస్సు, ఆ వస్తువు బొమ్మ ఉంటే చాలు. అర్థం పుస్తకపు తెలుగులో వ్రాయమనండి, మాటను మాత్రం విన్నది విన్నట్టు వ్రాయమనండి. మా తరగతిలో మొదటి పుస్తకం వంటింటి మాటలతో మొదలయింది. రెండోది పశువులకు వచ్చే రోగాల పేర్లతో నిండుతున్నది.